చూసొస్తా మామ పలకని రోజు

ఆయన అసలు పేరేమిటో ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. గేటు కాపలావాడి నుంచి పైగదిలో కూర్చునే మేనేజరు దాకా అందరికీ ఆయన చూసొస్తా మామే. ఎందుకంటారా? ఆ మనిషి నోట్లోంచి పొద్దస్తమానం ఊడిపడే మాట అదొక్కటే గనక! టీ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టేసి, "ఉండండి, ఓవెన్ దగ్గర ఏదో వాసనొస్తోంది, చూసొస్తా" అనేవాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా వంటింట్లోకి తొంగిచూసి, "ఈ వైరు ఇలా వేలాడుతోందేంటమ్మా, పిల్లలు తిరిగే ఇల్లు కదా" అని మొదలుపెట్టేవాడు. పిలిచినవాళ్ళకి ఒళ్ళు మండదూ మరి? మండేది. అయినా ఆయన వెళ్ళిపోయాక ఆ వైరు సర్దుకునేవాళ్ళు.

ఆయన ఆ ఫ్యాక్టరీలో చేరింది పిండి బస్తాలు మోయడానికి. అక్కడొక ముసలి ఫిట్టర్ ఉండేవాడు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు తప్ప మరేమీ లేవు. ఆ రెండు వేళ్ళతోనే బీడీ వెలిగించుకునేవాడు, ఆ రెండు వేళ్ళతోనే నట్లు బిగించేవాడు. "మిగతావి ఏమయ్యాయి తాతా?" అని మన మామ ఒకసారి నోరు జారి అడిగితే, "ఏదో బ్రెడ్డులో కలిసి వెళ్ళిపోయాయిరా, ఎవరు తిన్నారో ఏమో" అని పకపకా నవ్వాడట. ఆయన నవ్వాడు గానీ మామకి ఆ పూట ముద్ద దిగలేదు. అప్పట్నుంచీ ఇదిగో, ఈ జాగ్రత్త పిచ్చి. పని నేర్చుకుని తనే ఫిట్టర్ అయ్యాక ఆ పిచ్చి ముదిరింది.

ఇంట్లో భార్య, ఆమె తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిల్లాణ్ణి అక్కాబావలే పెంచారు. బావకి వాడంటే ప్రాణం. సైకిల్ నేర్పిస్తానని రోజూ వీధిలోకి తీసుకెళ్ళేవాడు గానీ, వెనక సీటు పట్టుకున్న చెయ్యి చచ్చినా వదిలేవాడు కాదు. "వదులు బావా!" అని వాడు మొత్తుకున్నా వదల్లేదు. చివరికి వాడు పక్కవీధి పిల్లల దగ్గర దొంగచాటుగా నేర్చుకుని, మోచేతులు చెక్కుకుపోయి ఇంటికొచ్చాడు. పెద్దయ్యాక బావే తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషను మీద పెట్టించాడు. తన కళ్ళముందుంటాడు కదా అని.

ఇప్పుడు ఆ మిషను సంగతి చెప్పాలి. లేకపోతే మీకూ అయోమయమే, నాకూ అయోమయమే. నిండా మనిషి పట్టేంత గంగాళం. లోపల మెలితిరిగిన లావుపాటి ఇనప కొక్కెం గిర్రున తిరిగి పిండి కలుపుతుంది. ఆగాక కొక్కేనికి పట్టుకున్న పిండిముద్దలు చేత్తో గీకి తియ్యాల్సిందే. చెయ్యి లోపలుండగా ఎవరైనా బటన్ నొక్కితే ఇక చెప్పేదేముంది? అందుకని ఒక పద్ధతి పెట్టారు. చెయ్యి పెట్టేవాడు ముందు గోడమీదున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగి, తన తాళం తనే వేసుకుని, తాళంచెవి తన జేబులోనే వేసుకోవాలి. తర్వాత బటన్లుండే పానెల్ దగ్గరున్నవాడు ఆకుపచ్చ బటన్ ఒకసారి నొక్కి చూడాలి. మిషను కదలకపోతే, చచ్చిందని లెక్క. అప్పుడు చెయ్యి పెట్టాలి. అందరికీ తలా ఒక తాళం ఇచ్చారు కూడా.

పద్ధతి బాగానే ఉంది. మనుషులే! ఒకడు తాళం ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ఇంకొకడు స్విచ్చి లాగకుండానే తాళం తగిలించాడు. బామ్మర్దిగారు తాళంచెవిని పిండిలో పారేసి బ్యాచ్ మొత్తం పాడుచేశాడు. మామకి చిర్రెత్తుకొచ్చింది. "మీ మొహాలకి ఇది చేతకాదు గానీ, ఇలా తెండి" అని అందరి తాళాలూ లాక్కుని తన సంచిలో వేసుకున్నాడు. "చెయ్యి పెట్టాలంటే నన్నొక్క కేక వెయ్యండి. నేనే వచ్చి చూస్తా" అన్నాడు.

అందరికీ హాయి! "మామా, చెయ్యి పెడుతున్నా!" అని ఒక కేక. మామ ఎక్కడున్నా పరుగున వచ్చి, బస్తాల వరస వెనకున్న గోడ దగ్గరికెళ్ళి, స్విచ్చి లాగి తాళం వేసేవాడు. ఇవతల పానెల్ దగ్గర బటన్ బాబాయ్ బటన్ నొక్కి చూసేవాడు. ఆయన పెద్దాయన, నోట్లో నాలుక లేని మనిషి, ఎంత చెప్తే అంతే చేస్తాడు. ఏళ్ళ తరబడి మామ ఒక్కసారీ తప్పలేదు. తప్పడు గనక జవాబు కోసం ఆగడం మానేశారు అందరూ. ముందు కేక, తర్వాత స్విచ్చి, ఆ తర్వాత బటన్, చివర్లో చెయ్యి అని ఉన్న వరస కాస్తా మెల్లగా కలిసిపోయి, కేక వెయ్యడమూ చెయ్యి పెట్టడమూ ఒకటే అయిపోయింది. మామ బస్తాల వెనక స్విచ్చి దగ్గరుంటాడు కదా, ఇవతల జరిగేది కనపడదు. ఊళ్ళో వైర్లన్నీ చూసే మనిషికి ఇది మాత్రం కనపడలేదు చూడండి!

ఇంతలో మామ కంట్లో పొర పెరిగింది. నట్టుకీ బోల్టుకీ తేడా తెలియడం లేదు. "ఆపరేషన్ చేయించుకోండి మహాప్రభో" అని భార్య పోరు పెట్టింది. మేనేజరు, "నాలుగు రోజులే కదా, వెళ్ళిరండి" అన్నాడు. వెళ్ళేముందు మామ ఒక్కొక్కణ్ణీ పట్టుకుని జాగ్రత్తలు చెప్పాడు. ఓవెన్ దగ్గర చెప్పాడు, కోత మిషను దగ్గర చెప్పాడు, గేటు కాపలావాడికి కూడా చెప్పాడు. "మాకు తెలీదా మామా, నువ్వు వెళ్ళు" అని నవ్వి పంపించారు. కంటి ఆసుపత్రికి దగ్గరుండి తీసుకెళ్ళిందీ, ఇంటికి తెచ్చి కంట్లో చుక్కలు వేసిందీ బామ్మర్దే.

మర్నాడు ఒక కంటికి కట్టుతో మంచం మీద పడుకున్నాడు. వంటింట్లోంచి వాసన మొదలైంది.

"ఏమేవ్, గ్యాస్ కట్టేశావా?"

"మీరు కట్టెయ్యలేదా?" అంటూ ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనా? నేనిక్కడ గుడ్డివాడిలా పడుంటే!"

"రోజూ మీరే కదండీ కట్టేది. అసలు ఆ సిలిండర్ మీది మర ఎటు తిప్పాలో నాకేం తెలుసు?"

మామ నోరెళ్ళబెట్టాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఈ మనిషికి మర ఎటు తిప్పాలో తెలీదా! తడుముకుంటూ వెళ్ళి కట్టేసి, కిటికీలు తెరిచి వచ్చాడు. కోప్పడదామనుకున్నాడు గానీ ఏమని కోప్పడాలో తెలీలేదు. నేర్పిందెప్పుడు గనక? ఆ ఆలోచన బుర్రలో ఇంకా కుదురుకోనేలేదు, గేటు కాపలావాడు సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చాడు.

"మామా... మీ బామ్మర్ది... మిషన్లో చెయ్యి పడింది!"

ఆసుపత్రిలో వాడి కుడిచెయ్యి తెల్లటి మూటలా ఉంది. ముంజేతి ఎముక విరిగింది, రెండు వేళ్ళు నలిగాయి. తీసెయ్యక్కర్లేదుగానీ మళ్ళీ ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నారు. అక్క ఘొల్లుమంది. బావకి ఉన్న ఒక్క కంట్లోనూ నీళ్ళు తిరిగి ఎదుట ఏమీ కనపడలేదు.

"ఎలా జరిగిందిరా?" అన్నాడు మంచం కోడు పట్టుకుని.

"నాకూ అర్థం కావట్లేదు బావా. రోజూలాగే చేశాను. 'బావా, చెయ్యి పెడుతున్నా' అని కేకేశాను. పెట్టాను."

"నేను లేను కదరా!"

"తెలుసు. పొద్దున నీ కంట్లో చుక్కలేసింది నేనే కదా."

"మరి తెలిసి తెలిసి ఎవర్ని పిలిచావురా?"

వాడు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "కేకెయ్యకుండా చెయ్యి పెట్టకూడదు కదా బావా. అందుకని కేకేశాను" అన్నాడు.

మామకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బయటికొచ్చి గోడకి చేరగిలబడ్డాడు. మెట్ల కింద బటన్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు. మామని చూడగానే లేచి చేతులు పట్టుకున్నాడు.

"నేనే నొక్కాను మామా. నేనేం తప్పు చేశానో చెప్పు. కేక వినపడగానే బటన్ నొక్కి, చచ్చిందో లేదో చూడమన్నది నువ్వే కదా? చూశాను. బతికే ఉంది. వెంటనే ఎర్రది కొట్టాను, కానీ అప్పటికే..."

మామ బుర్ర తిరిగిపోయింది. బామ్మర్ది కేకెయ్యాలి, వేశాడు. బాబాయ్ నొక్కి చూడాలి, చూశాడు. జాగ్రత్త కోసం నొక్కిన బటనే చెయ్యి విరగ్గొట్టింది. మరి తప్పెవరిది? ఎవరినో ఒకరిని తిడితే గానీ మనసు తేలికపడదు, తిడదామంటే మనిషి దొరకడం లేదు. మిషన్ని తిడదామా? అది మొద్దు. కంటి డాక్టర్ని తిడదామా? ఛీ ఛీ! ఆయనేం చేశాడు?

ఆ వారమంతా మామ కాలుకాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. ఒకపూట చొక్కా కోసం తలుపు వెనక చెయ్యి పెడితే సంచి తగిలింది. దించి చూస్తే లోపల తాళాలు. ఫ్యాక్టరీలో అందరివీ. అలవాటుకొద్దీ రోజూలాగే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. బామ్మర్ది మిషన్లో చెయ్యి పెట్టిన పూట, వాడి తాళం ఇక్కడ బావ చొక్కాల కింద వేలాడుతోంది. ఒకవేళ ఆ పూట వాడికే బుద్ధి పుట్టి గోడ దగ్గరికి వెళ్ళినా, వెయ్యడానికి తాళమేదీ? మామ ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. భార్య వచ్చి, "కంటికి కట్టుంది, ఏడవకూడదన్నారు కదా" అని గదమాయించింది.

కట్టు విప్పిన రోజే మేనేజరు పిలిపించాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఎప్పుడూ లేని మర్యాద!

"మీరుంటే ఇలా జరిగేదా చెప్పండి? ఆ ముసలాయన్ని పనిలోంచి తీసేస్తున్నాను. చూసుకోకుండా నొక్కడమేంటి? మీరు ఊఁ అంటే చాలు. ఇంకొకటి, ఇకమీదట దయచేసి సెలవు మాత్రం పెట్టకండి."

పొగడ్త వింటే ఎవరికైనా కడుపు నిండుతుంది. మామ మాత్రం టీ గ్లాసు అవతలికి నెట్టాడు.

"నేనుంటే జరిగేది కాదండీ. కానీ... నేనుండబట్టే జరిగిందండీ."

"ఏంటీ?"

"అంటే... నేను లేనప్పుడు జరిగింది. కానీ నేను రోజూ ఉండటం వల్ల... ఇదిగోండి, ఈ సంచి చూడండి."

మేనేజరు సంచి చూశాడు, మామ కన్ను చూశాడు. ఆపరేషన్ కంటికి కాక ఇంకెక్కడైనా చేశారేమోనని అనుమానం వచ్చినట్టుంది. మామ చెప్పబోయి తడబడి, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తడబడి, చివరికి విసుగొచ్చి, "నాకు చెప్పడం చాతకాదు సార్. బాబాయ్‌ని తీసేసేట్టయితే నన్నూ తీసెయ్యండి" అని లేచి నిలబడ్డాడు. మామ లేని ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో అప్పటికే రుచి చూశాడు కదా మేనేజరు. బాబాయ్ ఉద్యోగం నిలిచింది.

కిందికొచ్చి మామ ఎవరి తాళం వాళ్ళకి పంచేశాడు. "ఇకనుంచి కేకేస్తే రాను. ఎవరి స్విచ్చి వాళ్ళు లాక్కోండి, ఎవరి చెవి వాళ్ళ జేబులో వేసుకోండి. బాబాయ్, రెండు చేతులూ పైకి కనపడితేనే నువ్వు బటన్ నొక్కు. లేదంటే నేను చెప్పినా నొక్కకు" అన్నాడు. పని చెయ్యడం రాక, తాళం పట్టక నానా తిప్పలూ పడుతుంటే పక్కనే నిలబడి నేర్పించాడు. ఒక్కొక్కడికీ మళ్ళీ మళ్ళీ చేయించాడు. తను మాత్రం స్విచ్చి ముట్టుకోలేదు.

మెచ్చుకున్నారనుకుంటున్నారా? తిట్టిపోశారు! "సొంత బామ్మర్దికి దెబ్బ తగిలేసరికి చేతులు దులుపుకున్నాడు" అన్నాడొకడు. "మామకి వయసొచ్చింది, ఒళ్ళు వంగట్లేదు" అన్నాడు ఇంకొకడు. ఇంట్లోనూ అదే గొడవ. సిలిండర్ మర నేర్పించబోతే, "నా వంటింట్లో నాకే పరీక్షలా?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఇదంతా సరైనదో కాదో మామకీ నమ్మకం లేదు. ఇన్నేళ్ళూ ఒక్క గాయం లేకుండా కాపాడిన పద్ధతి మానేశాడు. రేపు ఎవడికైనా ఏదైనా అయితే? తనుండి కూడా చూడకపోతే, అప్పుడేమని చెప్పుకోవాలి? రోజుకోసారి స్విచ్చి దాకా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగొచ్చేవాడు.

ఎముక అతుక్కుని బామ్మర్ది పనిలోకి వచ్చాడు. రెండు వేళ్ళూ కర్రల్లా బిగుసుకుపోయాయి. పిండి మిషను వద్దు, ప్యాకింగ్‌లో వేస్తామంటే వాడు ఒప్పుకోలేదు, రోషం. బావ దగ్గరుండి తాళం సంగతి నేర్పించాడు. వాడూ తలూపాడు. మొదటి బ్యాచ్ అయింది, గంగాళం ఆగింది, కొక్కేనికి పిండి అంటుకుని ఉంది. వాడు దాని ముందు నిలబడ్డాడు. చెయ్యి అంచుదాకా పోయి ఆగింది.

"బావా, చెయ్యి పెడుతున్నా!" అన్నాడు.

మామ బస్తాల పక్కనే ఉన్నాడు. నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య పట్టుకున్నాడు. పానెల్ దగ్గర బాబాయ్ రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాడు.

"బావా!" వాడు మళ్ళీ పిలిచాడు. "బావా, భయమేస్తోంది. ఈ ఒక్కసారికి నువ్వు రా. రేపట్నుంచి నేనే చేసుకుంటా. నీకు దణ్ణం పెడతా బావా."

ఒక ప్యాకింగ్ ఆవిడ కళ్ళొత్తుకుంది. "వెళ్ళరాదా మామా, రాయివా ఏంటి?" అంది పైకే. మామ కాలు ముందుకి పడింది. పక్కనున్న బస్తా అంచు గట్టిగా పట్టుకుని ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. పలకలేదు.

వాడు చాలాసేపు చూశాడు. తర్వాత వాడి మొహం మారిపోయింది. "చచ్చావనుకుంటా పో!" అని అరిచి, కళ్ళు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎడమచేత్తో స్విచ్చి లాగాడు. తాళం వెయ్యబోతే బిగుసుకున్న వేళ్ళలోంచి జారి కిందపడింది. తీశాడు. మళ్ళీ పడింది. మామ ఆపుకోలేక మొహం బస్తాలవైపు తిప్పుకున్నాడు. మూడోసారి తాళం పడిన చప్పుడు కాదు, బిగిసిన చప్పుడు వినిపించింది. వాడు వచ్చి బాబాయ్ ముందు రెండు చేతులూ పైకెత్తి, "నొక్కు" అన్నాడు. బాబాయ్ నొక్కాడు. ఏమీ కదల్లేదు. అప్పుడు వాడు చెయ్యి పెట్టి పిండి గీకడం మొదలుపెట్టాడు. బావవైపు చూడలేదు.

ఆ రోజే కాదు, తర్వాత కూడా చూడలేదు. దారిలో ఎదురైతే తప్పుకుపోయాడు. మూటాముల్లె సర్దుకుని ఫ్యాక్టరీ వెనకవీధిలో అద్దెగది తీసుకున్నాడు. పని మాత్రం బుద్ధిగా చేస్తున్నాడు. ఎవర్నీ పిలవడం లేదు, స్విచ్చి తనే లాగుతున్నాడు, చేతులు చూపించి గానీ ముందుకెళ్ళడం లేదు.

ఖాళీ అయిన గది ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పక్కన పడేసి అక్క భర్త ముందుకొచ్చి నిలబడింది.

"వాడు అంతమందిలో ఏడ్చి బతిమాలాడట. మీరు పలకలేదట. ఎత్తుకుని పెంచారు కదండీ వాణ్ణి, మనసెలా వచ్చింది?"

"ఏమోనే. నాకూ తెలీట్లేదు" అన్నాడు మామ. నిజమే చెప్పాడు. "పలికుంటే వాడు చెయ్యి పెట్టేసేవాడే."

"పెడితే ఏం? మీరక్కడే ఉన్నారు కదా! మిషను మీరు ఆపేవారు కదా!"

మామ ఖాళీ గదివైపు చూస్తూ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆపేవాణ్ణే" అన్నాడు. "ఆ రోజుకి ఆపేవాణ్ణే."